పట్టీలు డిసెంబరు దగ్గరే ఆగిపోయాయి: డాస్‌బాక్స్‌లో పాత ఫాక్స్‌ప్రో లెక్కలు

మిర్చి_యార్డు
మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణం, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెడతాం. లెక్కలన్నీ నాన్న 1996లో రాయించుకున్న ఫాక్స్‌ప్రో 2.6 (డాస్ కాలపు డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాంలోనే ఉన్నాయి. పాత విండోస్ 98 కంప్యూటర్ మొరాయించడంతో సంక్రాంతి నుంచి లినక్స్ మింట్ ఉన్న కంప్యూటర్‌లో పాత డాస్ ప్రోగ్రాంలను నడిపించే డాస్‌బాక్స్ వేసి నడుపుతున్నాను. సీజనంతా ఒక్క ఇబ్బంది రాలేదు. గత వారం హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించి, ఫోల్డర్ మొత్తం దానిలోకి కాపీ చేశాను. అప్పటి నుంచి తక్‌పట్టీలు (అమ్మిన సరుకు లెక్క రాసి రైతుకు ఇచ్చే చీటీలు) డిసెంబరు దగ్గరే ఆగిపోయి కనిపిస్తున్నాయి. విచిత్రమేమిటంటే, రైతుల పేర్ల జాబితాలో మాత్రం మార్చిలో చేర్చిన వాళ్లు కూడా ఉన్నారు. మొదటిసారి తెరిచినప్పుడు రికార్డు హద్దు దాటిందని ఏదో ఎర్రర్ వచ్చింది. మెనూలో రీఇండెక్స్ నొక్కితే పోయింది. ఆ సంగతి పట్టించుకోకుండా రెండు రోజుల్లో 38 పట్టీలు కొట్టి రైతుల చేతికి ఇచ్చేశాం. ఇంకా డబ్బు ఇవ్వాల్సిన రైతులు ఉన్నారు, నాన్నకు కంటి మీద కునుకు లేదు. ఇది వైరసా? ఎస్ఎస్‌డీ పాడైందా?

జమ్మికుంట_పత్తి
ఎస్ఎస్‌డీ మీదే నా అనుమానం. పాత డిస్కు ఉంటే జాగ్రత్తగా పక్కన పెట్టండి.

మిర్చి_యార్డు
పాత డిస్కును ఫార్మాట్ చేసి గోదాం కెమెరాల రికార్డరులో పెట్టేశాం. నాలుగు రోజులుగా దాని మీద వీడియో ఎక్కుతోంది.

పసుపు_కొమ్ము
ముప్ఫై ఏళ్ల నాటి ప్రోగ్రాంను పట్టుకుని వేలాడితే ఇలాగే అవుతుంది. నిజామాబాద్‌లో మా దుకాణం లెక్కలు ఎనిమిదేళ్ల క్రితమే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాం. విజువల్ ఫాక్స్‌ప్రోకు కూడా 2015లోనే మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది, మీది దానికంటే పాతది. ఎంత త్వరగా వదిలేస్తే అంత మంచిది.

కాజీపేట_ప్యాసింజర్
పసుపు గారూ, మారాలన్నా ముందు లెక్కలు చేతిలో ఉండాలి కదా. అవి దొరకనివ్వండి.

మిర్చి గారూ, డాస్‌బాక్స్ మూసేసి, లినక్స్ ఫైల్ మేనేజర్‌లో ఆ ఫోల్డర్ తెరవండి. పట్టీల ఫైలు పేరు ఎన్నిసార్లు ఉంది?

మిర్చి_యార్డు
రెండుసార్లు ఉంది! ఒకటి అన్నీ పెద్ద అక్షరాల్లో, ఇంకొకటి అన్నీ చిన్న అక్షరాల్లో. ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు. అయితే మొత్తం ఫోల్డర్‌ను ఇప్పుడే పెన్ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసి, తర్వాత చూస్తాను.

కాజీపేట_ప్యాసింజర్
ఆగండి. పెన్ డ్రైవ్‌లోకి ఫైళ్లను విడివిడిగా కాపీ చేయకండి. పెన్ డ్రైవ్ సాధారణంగా ఫ్యాట్ పద్ధతిలో (డాస్ నాటి ఫైళ్ల అమరికలో) ఉంటుంది. దాని దృష్టిలో పెద్ద అక్షరాల పేరూ చిన్న అక్షరాల పేరూ ఒకటే, కాబట్టి రెండు ఫైళ్లకు అందులో చోటు లేదు. ఒకదాని మీద ఇంకొకటి ఎక్కుతుంది. ఫైల్ మేనేజర్ అడిగినా మనం అలవాటుగా సరే నొక్కేస్తాం. ముందు టార్ చేసి అంతా ఒకే ఫైలుగా కట్టండి, ఆ ఒక్క ఫైలును పెన్ డ్రైవ్‌లో వేయండి. దాన్ని విండోస్ కంప్యూటర్‌లో విప్పవద్దు, అక్కడా ఇదే ప్రమాదం.

మిర్చి_యార్డు
కాపీ బటన్ మీద చేయి పెట్టి ఉన్నాను. ఆపేశాను. టార్ చేసి రెండు పెన్ డ్రైవ్‌లలో వేశాను.

కాజీపేట_ప్యాసింజర్
ఇప్పుడు ఊపిరి పీల్చుకోండి, మీ లెక్కలు ఎక్కడికీ పోలేదు. ఒక సంగతి చెప్పండి. మొదట ఈ ఫైళ్లు లినక్స్‌లోకి ఎలా వచ్చాయి? ఒకే విడత వచ్చాయా, రెండు విడతలుగానా? రెండో విడతలో పాత ఫైలు మీద రాయమంటారా అని అడిగిందా?

మిర్చి_యార్డు
రెండు విడతలే. డిసెంబరులో, నడుస్తుందో లేదో చూడడానికి బ్యాకప్ సీడీ నుంచి కాపీ చేశాను. సంక్రాంతి తర్వాత అసలు కంప్యూటర్ నుంచి తాజా ఫైళ్లను పెన్ డ్రైవ్‌లో తెచ్చి అదే ఫోల్డర్‌లో వేశాను. ఏమీ అడగలేదు. అప్పుడు ఎంత సులువుగా అయిపోయిందో అనుకున్నాను.

కాజీపేట_ప్యాసింజర్
అక్కడే ఉంది మూలం. డాస్‌కు పెద్ద చిన్న తేడా లేదు, ఎలా టైపు చేసినా పేరును పెద్ద అక్షరాల్లోనే రాసుకుంటుంది. 1995లో విండోస్ 95 వచ్చాక మనం టైపు చేసిన తీరునైతే గుర్తుపెట్టుకుంది కానీ, వెతికేటప్పుడు రెంటినీ ఒకటిగానే చూసింది. లినక్స్ అలా కాదు. దాని లెక్కలో పెద్ద ఏ సంఖ్య 65, చిన్న ఏ సంఖ్య 97. అంకె వేరైతే అక్షరం వేరు, అక్షరం వేరైతే ఫైలు వేరు. అందుకే మిమ్మల్ని ఏమీ అడగలేదు. రెండోది దానికి కొత్త ఫైలు.

చిన్న అక్షరాలు ఎక్కడివంటే, సీడీ నుంచి. పాత ఐఎస్ఓ 9660 (సీడీల ఫైళ్ల అమరిక ప్రమాణం) సీడీ మీద పేర్లు నిజానికి పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి. పేర్లను ఉన్నవి ఉన్నట్లు దాచే జోలియట్ గానీ రాక్ రిడ్జ్ గానీ అనే అదనపు పద్ధతులు లేని సీడీ అయితే, లినక్స్ ఆ పేర్లను చిన్న అక్షరాలుగా మార్చి చూపిస్తుంది. పెన్ డ్రైవ్‌లోవి డాస్ రాసినట్లే పెద్ద అక్షరాల్లో వచ్చాయి. అలా ఒకే ఇంట్లో ఇద్దరు చేరారు.

ములుగు_రోడ్డు
అంతా బాగుంది, కానీ సంక్రాంతి నుంచి గత వారం దాకా సరిగ్గా ఎలా నడిచింది? ఆ జవాబు రాలేదు.

కాజీపేట_ప్యాసింజర్
మంచి ప్రశ్న. ప్రోగ్రాం పట్టీల ఫైలు అడిగినప్పుడు, డాస్‌బాక్స్ ఫోల్డర్ జాబితాలో తనకు ముందు కనిపించినదాన్ని ఆ పేరుతో ఇస్తుంది. రెండోదానికి చివర ~1 తగిలించి పక్కన పెడుతుంది. ఏది ముందు కనిపిస్తుందన్నది ఆ డిస్కు ఇష్టం. లినక్స్ డిస్కులో ఫైళ్లను అమర్చే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ పేర్లను అక్షర క్రమంలో ఇవ్వదు, తన లోపలి హ్యాష్ లెక్క ప్రకారం ఇస్తుంది. ఆ లెక్కకు విత్తనంగా వాడే సంఖ్య ఒక్కో డిస్కుకు ఒక్కో రకం. పాత డిస్కు మీద ఉన్నంత కాలం కొత్త పట్టీల ఫైలే ముందు వచ్చింది. ఎస్ఎస్‌డీకి మారగానే వరుస మారింది, డిసెంబరు ఫైలు ముందుకు వచ్చింది. రైతుల ఫైలు విషయంలో మాత్రం అదృష్టవశాత్తు కొత్తదే ముందు వచ్చింది. మీ సగం లెక్కలు డిసెంబరులో, సగం ఏప్రిల్‌లో ఉండడానికి కారణం ఇదే.

ఆ రికార్డు హద్దు ఎర్రర్ కూడా అదే కథ. ఇండెక్సు (ఏ రికార్డు ఎక్కడుందో చెప్పే సూచిక ఫైలు) కొత్తది, డేటా పాతది. ఇండెక్సు చెప్పిన రికార్డు డేటాలో లేదు.

మిర్చి_యార్డు
డాస్‌బాక్స్‌లో ఫైళ్ల జాబితా చూపే డిర్ ఆజ్ఞ కొట్టి చూశాను. మీరు చెప్పినట్లే పట్టీ~1 అని ఒకటి ఉంది. ఈ మాట నాన్నకు చదివి వినిపించాను. ఆయన లేచి కూర్చున్నారు.

ల్యాబ్_మాస్టర్
కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు సీ భాష నేర్పుతాను. మా దగ్గర ఈ పెద్ద అక్షరం ఏటా ఒకరిద్దరిని ఏడిపిస్తుంది. పిల్లలు లినక్స్‌లో డాస్‌బాక్స్ వేసుకుని టర్బో సీ అనే పాత డాస్ కంపైలర్ వాడతారు. దానిలో సేవ్ చేసిన ప్రోగ్రాం లినక్స్ వైపు చూస్తే పేరు, చివరి సీ అక్షరం అన్నీ పెద్దవే. తర్వాత టర్బో సీకి మాత్రమే పనికొచ్చే కోనియో హెడర్ తీసేసి, క్లియర్ స్క్రీన్ పంక్తి తీసేసి, లినక్స్ కంపైలర్ జీసీసీతో కంపైల్ చేస్తారు. చివరి సీ పెద్దదైతే జీసీసీ దాన్ని సీ ప్లస్ ప్లస్ అనుకుంటుంది! మాలాక్ (మెమరీలో చోటు అడిగే ఫంక్షన్) ఇచ్చిన చిరునామాను నేరుగా పూర్ణాంకాల పాయింటరులో పెట్టే పంక్తి సీలో తప్పు కాదు, సీ ప్లస్ ప్లస్‌లో తప్పు. ఒక అమ్మాయి మూడు గంటలు ఆ పంక్తినే మార్చి మార్చి రాసింది. ప్రోగ్రాంలో తప్పే లేదు. ఫైలు పేరు చివరి అక్షరం చిన్నది చేయగానే కంపైల్ అయింది. ఆ మూడు గంటలు నేను పక్క గదిలోనే ఉన్నాను, నన్ను ముందే పిలిచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

భద్రకాళి_చెరువు
మాస్టారూ, ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. హెడర్ పేరు మొదటి అక్షరం పెద్దది రాసినా టర్బో సీ ఊరుకుంటుంది, జీసీసీ ఊరుకోదు, అంతవరకే తెలుసు.

హన్మకొండ_డీటీపీ
మా దెబ్బ వేరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ను, లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలను నడిపించే వైన్‌లో నడుపుతాం. వైన్ పద్ధతి డాస్‌బాక్స్ లాంటిది కాదు. అడిగిన పేరు అచ్చంగా అలాగే ఉంటే దాన్నే ఇస్తుంది. లేకపోతే ఫోల్డర్ అంతా వెతికి, పెద్ద చిన్న తేడా వదిలేసి, కలిసినదాన్ని ఇస్తుంది. పెళ్లి పత్రిక ఫైలులో ఫొటో పేరు చిన్న అక్షరాల్లో ఉంది, డిస్కులో ఉన్న ఫొటో పేరు పెద్ద అక్షరాల్లో. నెల రోజులు చక్కగా నడిచింది. ఒక రోజు ఇంకొక పెళ్లివాళ్ల ఫొటోను అదే ఫోల్డర్‌లో వేశారు, దాని పేరు చిన్న అక్షరాల్లో. అంతే, వైన్‌కు అచ్చమైన పేరు దొరికింది. వంద పత్రికల్లో ఒక పెళ్లికొడుకు పేరు కింద ఇంకొక పెళ్లికొడుకు ముఖం. ఆ కాగితం ఖర్చు మేమే భరించి, రాత్రికి రాత్రే మళ్లీ అచ్చు వేసి ఇచ్చాం.

జమ్మికుంట_పత్తి
ఎస్ఎస్‌డీని అనవసరంగా అనుమానించాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మరి అన్ని పేర్లనూ ఒకే దెబ్బకు చిన్న అక్షరాల్లోకి మార్చేస్తే సరిపోదా?

కాజీపేట_ప్యాసింజర్
ఇప్పుడు మారిస్తే ఒకదాని మీద ఒకటి పడుతుంది. ముందు జంటలను విడదీయాలి. ఆ తర్వాతే పేర్లు.

పాత_డిస్కు
నేను 1990లలో హన్మకొండలో ఫాక్స్‌ప్రోలో ఇలాంటి ప్రోగ్రాంలు రాసినవాడిని. పేరు మార్చే ముందు ఏ ఫైలులో ఎన్ని పట్టీలు ఉన్నాయో చూడాలి. తేదీని నమ్మకండి, ఆ రెండు రోజుల పని వల్ల పాత ఫైలు తేదీ కూడా కొత్తదే అయి ఉంటుంది. డీబీఎఫ్ ఫైలు (ఫాక్స్‌ప్రో డేటా ఫైలు) తలలోనే లెక్క ఉంటుంది. ఫైలులోని బైట్లను అంకెలుగా చూపే హెక్స్‌డంప్‌తో మొదటి వరుస చూడండి. మొదటి బైటు ఫైలు రకం, తర్వాతి మూడు తేదీ, ఆ తర్వాతి నాలుగు బైట్లు రికార్డుల సంఖ్య. చిన్న బైటు ముందు ఉంటుంది కాబట్టి వెనక నుంచి చదవాలి. ఆ నాలుగు బైట్లు ఇక్కడ రాయండి బాబూ.

మిర్చి_యార్డు
పెద్ద అక్షరాల ఫైలులో 16 39 00 00. చిన్న అక్షరాల ఫైలులో 80 34 00 00.

పాత_డిస్కు
మొదటిది 3916, హెక్సాడెసిమల్‌లో. మన లెక్కలో 14,614. రెండోది 3480, అంటే 13,440. తొలగించినట్లు గుర్తు పెట్టినవి కూడా ఇందులో కలిసి ఉంటాయి. 13,440లో మీ 38 తీసేస్తే 13,402. మీ సీడీలో చివరి పట్టీ నంబరు ఎంత?

మిర్చి_యార్డు
13402! నాన్న ఏ పట్టీనీ తొలగించనివ్వరు, తప్పు పడితే రద్దు అని రాసి ఉంచమంటారు. మొదటి నుంచి నంబర్లు వరుసగానే ఉన్నాయి.

పాత_డిస్కు
మీ నాన్నగారి క్రమశిక్షణే ఇప్పుడు మిమ్మల్ని కాపాడుతోంది. అయితే ఒక చిక్కు ఉంది. ఈ రెండు రోజుల 38 పట్టీలకు ప్రోగ్రాం 13403 నుంచి 13440 దాకా నంబర్లు ఇచ్చింది. ఆ నంబర్లతోనే డిసెంబరు తర్వాత ఇంకెవరో 38 మందికి పట్టీలు ఉన్నాయి. ఒకే నంబరుతో ఇద్దరు రైతుల చేతుల్లో రెండు కాగితాలు.

మిర్చి_యార్డు
నిజమే. ఇప్పుడే దస్త్రం తీసి చూశాను. 13411 నంబరు పట్టీ ఒకటి పరకాల రైతుది, 22 బస్తాల తేజ రకం మిర్చి. ఇంకొకటి మొన్నటిది, నర్సంపేట వైపు రైతుది, 9 బస్తాలు. కాంటా, హమాలీ, దడవాయి, కమీషన్ అన్నీ వేర్వేరు, నంబరు మాత్రం ఒకటే. ఇద్దరికీ కొంత బాకీ ఉంది.

పసుపు_కొమ్ము
ఇంత లోతుగా ఉంటుందని అనుకోలేదు. నేను కొత్తదానికి మారినప్పుడు పాత ఫోల్డర్‌ను ఒక లినక్స్ కంప్యూటర్‌లో దాచాను. ఇప్పుడు వెళ్లి దానిలో జంటలు ఉన్నాయో లేవో చూస్తాను. జంటలు వెతకడానికి సులువైన దారి ఉందా?

భద్రకాళి_చెరువు
టెర్మినల్‌లో ఎల్ఎస్ ఫలితాన్ని సార్ట్ -ఎఫ్‌కు, దాని ఫలితాన్ని యూనిక్ -డీఐకి పైపు చేయండి. పెద్ద చిన్న తేడా వదిలేసి, రెండుసార్లు వచ్చిన పేర్లను మాత్రమే చూపిస్తుంది.

మిర్చి_యార్డు
మా దానిలో ఏడు జంటలు వచ్చాయి. పట్టీలు, రైతులు, ఖాతా, సరుకు రకాలు, వాటి ఇండెక్సులు మూడు.

పాత_డిస్కు
పని ఇలా చేయండి. పక్కన ఇంకొక ఫోల్డర్ చేసి చిన్న అక్షరాల ఏడు ఫైళ్లనూ అందులోకి తరలించండి, అసలు ఫోల్డర్‌లో పెద్దవే మిగలాలి. డాస్‌బాక్స్ మూసి మళ్లీ తెరవండి, లేకపోతే కంట్రోల్ ఎఫ్4 నొక్కండి. బయట జరిగిన మార్పు దానంతట అది కనిపెట్టదు, పాత జాబితానే గుర్తుంచుకుంటుంది.

పక్కన పెట్టిన పట్టీల ఫైలును ఫాక్స్‌ప్రోలో తెరిచి, 13402 కంటే పెద్ద నంబర్లకు, ముందు వ్యాఖ్య గడిలో ఇప్పటి నంబరు రాయించండి. తర్వాత నంబరుకు 1212 కలపండి. 13403 కాస్తా 14615 అవుతుంది, సరిగ్గా కొత్త ఫైలు చివరి నంబరు తర్వాతిది. ఖాతా ఫైలులో కూడా ఆ రెండు రోజుల పద్దులకు పట్టీ నంబరు అలాగే మార్చాలి, అది మరిచిపోతే బాకీలు వేరే వాళ్ల మీద పడతాయి. అప్పుడు అసలు ఫైలు తెరిచి, అపెండ్ ఫ్రమ్ ఆజ్ఞతో 13402 షరతు కాకుండా 14614 కంటే పెద్దవి మాత్రమే తెచ్చుకోండి. చివర రీఇండెక్స్. ఇదంతా ముందు నకలు మీద చేసి చూసుకోండి.

భద్రకాళి_చెరువు
మళ్లీ ఇలా జరగకుండా నా సలహా: ఎక్స్‌ట్4లోనే పెద్ద చిన్న తేడా లేని ఫోల్డర్ చేసుకోవచ్చు. 2019లో వచ్చిన లినక్స్ 5.2 కెర్నల్ నుంచి కేస్‌ఫోల్డ్ అనే సదుపాయం ఉంది. ఖాళీ ఫోల్డర్‌కు సీహెచ్ఏటీటీఆర్ ఆజ్ఞతో పెద్ద ఎఫ్ గుర్తు పెడితే, అందులో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండలేవు.

కాజీపేట_ప్యాసింజర్
మంచిదే, కానీ ఆ డిస్కు మీద ఫైల్ సిస్టమ్‌కు ముందే ఆ సదుపాయం ఆన్ చేసి ఉండాలి. రేపు ఇంకొక కంప్యూటర్‌కు మార్చినప్పుడు ఎవరు గుర్తుంచుకుంటారు? నేనైతే ఫ్యాట్ పద్ధతిలో ఒక డిస్కు ఇమేజ్ (డిస్కులా పనిచేసే ఒకే ఫైలు) చేసి, లెక్కలన్నీ అందులో పెట్టి, డాస్‌బాక్స్‌లో ఇమ్‌గ్‌మౌంట్ ఆజ్ఞతో తగిలిస్తాను. లోపల జంటలు పుట్టే అవకాశమే ఉండదు. బ్యాకప్ అంటే ఒక్క ఫైలు కాపీ.

పాత_డిస్కు
ఆ ఒక్క ఫైలు పాడైతే అన్నీ పోతాయి, దానిలోంచి ఒక్క పట్టీల ఫైలు బయటికి తీయాలన్నా ఎంటూల్స్ లాంటి ప్రత్యేక పనిముట్లు కావాలి. దుకాణంలో గుమాస్తాకు అర్థం కావాలి కదా. మామూలు ఫోల్డరే ఉంచండి, పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో. డాస్‌బాక్స్ కొత్తగా చేసే ఫైళ్లు ఎలాగూ పెద్ద అక్షరాల్లోనే పుడతాయి. బయటి నుంచి ఏదైనా తెస్తే నేరుగా అందులో వేయకుండా, ముందు ఖాళీ ఫోల్డర్‌లో వేసి చూడాలి.

హన్మకొండ_డీటీపీ
పేర్లు మార్చేవాళ్లకు ఒక హెచ్చరిక. మా దుకాణంలో ఒకరు పేర్లు చిన్నవి చేయబోయి, ఫైళ్ల లోపలి అక్షరాలు చిన్నవి చేశారు. అవి యూనికోడ్‌కు ముందు నాటి తెలుగు ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు. ఆ ఫాంట్లలో పెద్ద అక్షరం మీట ఒక తెలుగు గుర్తును, చిన్న అక్షరం మీట ఇంకొక గుర్తును ఇస్తుంది. పేజీలకు పేజీలు గజిబిజి అయిపోయాయి. తిరిగి మార్చడానికి దారే లేదు.

ల్యాబ్_మాస్టర్
ఇది చదివాక ఒక మాట. మన తెలుగు అక్షరానికి పెద్దది, చిన్నది అనే రెండు రూపాలు లేవు. క ఎక్కడ రాసినా క. బడిలో నాలుగు గీతల పుస్తకంలో ఆంగ్ల అక్షరాలు దిద్దించేటప్పుడు, రెండూ ఒకటే అక్షరమని పిల్లలకు చెప్పి నమ్మిస్తాం. పదేళ్ల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అవి రెండూ వేర్వేరని చెబుతాం. వాళ్లు తికమకపడితే వాళ్ల తప్పు కాదు.

పసుపు_కొమ్ము
నా పాత ఫోల్డర్‌లో ఒక జంట దొరికింది, 2016 ఖాతా ఫైలు. ఆ తేడా ఎంతో రేపు హెక్స్‌డంప్ చూసి రాస్తాను.

మిర్చి_యార్డు
ఈ రెండు రోజులు మార్కెట్‌కు సెలవు కావడంతో కూర్చుని పూర్తిచేశాం. నకలు మీద ఒకసారి, అసలు మీద ఒకసారి. ఇప్పుడు పట్టీల ఫైలులో 14,652 రికార్డులు ఉన్నాయి. నాన్న ఒక్కో కాగితం తీసి చదువుతుంటే నేను తెర మీద చూశాను, 38కి 38 సరిపోయాయి. పాత డిస్కు గారూ, ఖాతాలో నంబర్లు మార్చమని మీరు చెప్పి ఉండకపోతే పరకాల రైతు డబ్బు నర్సంపేట రైతు పేరున పడేది.

పెద్ద అక్షరాల ఫోల్డరే ఉంచాను. 38 మందికీ ఫోన్లు చేసి కొత్త నంబరు చెబుతున్నాం, ఇప్పటికి 31 మంది దొరికారు. నర్సంపేట రైతు సోమవారం కాగితం తెస్తానన్నారు. 13411 కొట్టేసి పక్కన 14623 రాసి, నాన్న సంతకం చేసి ఇస్తారు.

పాత_డిస్కు
13411కు 1212 కలిపితే 14623. సరిగ్గా ఉంది.